అరుస్తున్నది బండి వయసు కాదు

ఇబ్రహీంపట్నం రింగు సెంటరు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, కృష్ణా డెల్టాలో తిరిగే బళ్ల బ్రేకులు ఎన్ని రకాలుగా అరుస్తాయో తెలిసిపోతుంది. హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి అక్కడిమీదుగానే వెళుతుంది. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయలుదేరి, భద్రాచలం, కొత్తగూడెం, తిరువూరు, మైలవరం దాటుకుంటూ వచ్చే 30వ నంబరు రహదారి వచ్చి ఆగేది కూడా అక్కడే. ఆ రెంటి మధ్యా థర్మల్ స్టేషన్ బూడిద లారీలు, కొండపల్లి పారిశ్రామికవాడ వ్యాన్లు, గొల్లపూడి వైపు మనుషుల్ని కుక్కుకుని పోయే సర్వీసు ఆటోలు, రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకున్న పాత స్ప్లెండర్లు. అన్నీ అక్కడ వేగం తగ్గించాల్సిందే, తగ్గించినప్పుడల్లా కీచుమనాల్సిందే. పక్కన నిలబడ్డవాడు చెవులు మూసుకుంటాడు గానీ, బండి నడిపేవాడి మొహంలో మార్పు ఉండదు. అడిగి చూడండి. జవాబు దాదాపు ఒక్కటే: "పాత బండి కదండీ, అరుస్తుంది. బ్రేకు పడుతోందిగా?"

ఈ జవాబులో రెండు ముక్కలున్నాయి. పాతది కాబట్టి అరుస్తుందనేది ఒకటి, పడుతోంది కాబట్టి ఫరవాలేదనేది రెండోది. బండి ఓనర్లు, ఆటోవాళ్లు, లారీ డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ ఈ మాట మీద ఎంత ఏకమై ఉన్నారంటే, మన జిల్లా రాజకీయాల్లో అంత ఐకమత్యం ఎన్నడూ చూసి ఎరగం. అయినా రెండు ముక్కలూ తప్పే. మొదటిది కారణం వెతకకుండా తప్పించుకునే మాట. రెండోది కొలవకుండా ఇచ్చే తీర్పు. ఈ రెంటికీ కలిపి పుట్టిన మూడో నమ్మకం ఇంకా చెడ్డది. అరుపు ఆగితే బ్రేకు బాగైపోయినట్టే అనుకోవడం అది.

ముందు వయసు సంగతి. షోరూమ్ నుంచి నిన్న వచ్చిన కారు కూడా అరవగలదు. లక్షలు పోసి కొన్న స్పోర్ట్స్ బైకు డిస్కు కూడా రింగు దగ్గర అరవగలదు, అరుస్తుంది. అసలు డిస్క్ బ్రేకు పుట్టిందే అరుస్తూ పుట్టింది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. రాగి ముక్కలు లోహపు పళ్లేన్ని ఒరుసుకుంటుంటే వచ్చే కూత భరించలేకే అది అప్పట్లో జనానికి పట్టలేదు. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆ ముక్కలకు ఆస్బెస్టాస్ లైనింగు వేశాక గానీ గోల తగ్గలేదు. లాంచెస్టర్ బ్రేకు పాతబడి అరవలేదు. ఏ రెండు పదార్థాల్ని ఒకదానికొకటి ఆనించాడు, అవి ఊగకుండా ఏవి పట్టుకుని ఉన్నాయి అనే దాన్ని బట్టి అరిచింది. నూట ఇరవై ఏళ్ల తర్వాత మన ఆటో చక్రంలో అరుస్తున్నదీ అందుకే.

నల్లబల్ల మీద సుద్దముక్కను నిలువుగా పట్టుకుని రాస్తే ప్రాణం జిల్లుమనే కూత వస్తుంది. అదే సుద్దను కాస్త వంచి పట్టుకుంటే రాదు. సుద్దా మారలేదు, బల్లా మారలేదు. పట్టు మారింది. సుద్ద బల్లకు అంటుకోవడం, జారడం, మళ్లీ అంటుకోవడం సెకనుకు వేలసార్లు జరిగితే అది చెవికి కూతగా వినిపిస్తుంది. బ్రేకులో జరిగేదీ ఇదే. లైనింగు డ్రమ్మును ఒరుసుకునేటప్పుడు షూ, డ్రమ్ము, వాటిని మోసే ప్లేటు కలిసి కంపిస్తాయి. కీచుమనే అరుపులో ఆ కంపనాలు సెకనుకు వెయ్యి నుంచి పదహారు వేల దాకా ఉంటాయి. మనిషి చెవికి రెండు వేల నుంచి అయిదు వేల మధ్య శబ్దాలు అన్నిటికంటే బాగా వినపడతాయి గనక, మహా చిన్న కంపనం కూడా పెద్ద గోలగా తోస్తుంది. అంచేత గోల ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెద్దదని నేను అనడం లేదు. ఏదో భాగం ఉండాల్సినట్టు లేదని, లేదా రెండు భాగాల మధ్య ఏదో చేరిందని మాత్రమే ఆ అరుపుకు అర్థం. అది ఏ భాగమో తెలిసేదాకా భయపడటమూ తొందరపాటే, పట్టించుకోకపోవడమూ తొందరపాటే.

బండి పాతబడితే ఏమవుతుంది మరి? రిటర్న్ స్ప్రింగులు సాగిపోతాయి. బ్రేకు కామ్ తిరిగే చోట గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టి, వదిలినప్పుడు షూలు పూర్తిగా వెనక్కి రావు. డ్రమ్ము లోపల అంచున గట్టు లేస్తుంది. డిస్క్ కాలిపర్ జారే పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి నీళ్లు, మట్టి చేరతాయి. ప్యాడ్ల వెనక ఉండాల్సిన పలచని రేకులు, చిన్న క్లిప్పులు మొదటిసారి ప్యాడ్లు మార్చినప్పుడే ఎక్కడో పడిపోయి ఉంటాయి. అవి లేకపోయినా బ్రేకు పనిచేస్తుంది గదా అని ఎవరూ వెతకరు, కానీ కంపనాన్ని అణచడానికే కంపెనీ వాటిని పెట్టింది. ఇవన్నీ పేరున్న లోపాలు. ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది, చాలావాటి ఖరీదు లైనింగు కంటే తక్కువ. "పాతబండి" అనే మాట వీటన్నిటినీ ఒక మూటకట్టి అటక మీద పడేస్తుంది. పాతికేళ్ల చేతక్ స్కూటరు బ్రేకు నిశ్శబ్దంగా పట్టుకోవడం, మూడేళ్ల ఆటో కీచుమంటూ పోవడం రెండూ మన వీధుల్లోనే కనిపిస్తుంటే వయసును ఎలా నిందిస్తాం?

ఇక "పడుతోందిగా" అనే ముక్క. ఎక్కడ పడుతోంది? రింగు దగ్గర, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంలో. ఆ వేగంలో చెప్పు నేలకు రాసినా బండి ఆగుతుంది. లెక్క వేసి చూద్దాం. బాగా పనిచేసే బ్రేకు సెకనుకు సెకనుకు ఆరు మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తుందనుకుందాం. పట్టు సన్నగిల్లిన బ్రేకు నాలుగు మీటర్ల చొప్పున తగ్గిస్తుందనుకుందాం. ఇరవై కిలోమీటర్ల వేగంలో మొదటిది 2.6 మీటర్లలో ఆపుతుంది, రెండోది 3.9 మీటర్లలో. తేడా నాలుగు అడుగులు. కాలికి ఏమీ తెలియదు. అరవై కిలోమీటర్ల వేగంలో 23 మీటర్లకు బదులు 35 మీటర్లు పడుతుంది. ఎనభైలో 41కి బదులు దాదాపు 62. అంటే కంచికచర్ల దాటాక కీసర టోలుగేటు ముందు ఆగిన వరసను ఆలస్యంగా చూసినవాడికి, ఇరవై మీటర్ల ఇవతల ఆగాల్సిన బండి ముందు వాహనంలో దూరి ఆగుతుంది. "బ్రేకు పడుతోంది" అన్న సాక్ష్యం ఇరవైలో సేకరించి ఎనభైలో వాడుకుంటున్నాం. ఇది నేను ఊహించుకున్న రెండు అంకెల లెక్కే, మీ బండి లెక్క వేరే ఉండొచ్చు. కానీ ఆ లెక్క మీ పాదానికి తెలియదన్నదే నా పాయింటు.

అరుపు అంటే పట్టు తగ్గినట్టేనా అని ఎవరైనా నిలదీస్తే, కాదనే చెబుతాను. పొద్దున్నే బండి తీయగానే రెండు మూడు బ్రేకులకు కీచుమని, ఆ తర్వాత మాయమయ్యే అరుపు ఉంటుంది. రాత్రి మంచుకో, వానకో, బండి కడిగిన నీళ్లకో డ్రమ్ము మీద, డిస్కు మీద పలచని తుప్పు పొర కడుతుంది. పోత ఇనుము స్వభావం అది. కృష్ణ ఒడ్డున ఉండే ఊళ్లలో గాలిలో తేమకు కొదవేముంది. ఆ పొరను లైనింగే గీకి పారేస్తుంది. దానికి రిపేరు అవసరం లేదు. ఆ అరుపు చూసి భయపడ్డ అమాయకుడికి కొత్త లైనింగు అంటగట్టే షాపులూ లేకపోలేదు. పట్టించుకోవద్దనేవాళ్లకు నేను ఎంత వ్యతిరేకినో, అరవగానే సామాను మార్చాలనేవాళ్లకూ అంతే వ్యతిరేకిని.

ఇబ్రహీంపట్నానికి ఇంకో ప్రత్యేకత ఉంది. 1979లో మొదటి యూనిట్ మొదలైన విజయవాడ థర్మల్ కేంద్రం, ఇప్పుడు నార్ల తాతారావు పేరున్నది, ఈ ఊరికి వెలుగుతోపాటు బూడిదనూ ఇచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీలకు, ఇటుకల బట్టీలకు, రోడ్ల కట్టలకు లారీల్లో పోయే ఆ బూడిద పట్టా సరిగా కప్పకపోతే దారి పొడవునా రాలుతుంది. చూడ్డానికి ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా ఉంటుంది గానీ, అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. బైకు డ్రమ్ముకూ, దాని ప్లేటుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. దుమ్ము ఆ సందులోంచి లోపలికి పోవడం తేలిక, బయటికి రావడం కష్టం. లోపలికి చేరిన గట్టి రేణువులు మెత్తటి లైనింగులో గుచ్చుకుని కూర్చుంటాయి. అప్పట్నుంచి డ్రమ్మును ఒరిసేది లైనింగు కాదు, ఆ రేణువులు. డ్రమ్ము మీద గీతలు పడతాయి, అరుపు మొదలవుతుంది. ఈ రోడ్డు మీద తిరిగే బైకు హబ్ విప్పి, పొడి దుమ్మును తడిగుడ్డతో తుడిచి, కామ్ శుభ్రం చేస్తే చాలు, సగం అరుపులు ఖర్చు లేకుండానే పోతాయని నా నమ్మకం. మాన్యువల్‌లో రాసిన గడువు దుమ్ములేని ఊళ్లకు. మనం అంతకంటే ముందే విప్పాలి.

విప్పడానికి ముందు అడగాల్సినవి అడగాలి. మన దగ్గర ఆ పనే జరగదు. "అరుస్తోంది బాబాయ్" అని ఓనరు అంటాడు, బాబాయ్ స్పానర్ తీసుకుంటాడు. ఎప్పుడు అరుస్తోంది? ఏ చక్రం? తొక్కినప్పుడా, వదిలినప్పుడా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే చక్రం విప్పకముందే సగం పని అయిపోతుంది. బ్రేకు తొక్కకుండా పోతున్నప్పుడు సన్నగా కూస్తూ, తొక్కగానే మారిపోతే, ఏదో తాకుతూ తిరుగుతోందన్నమాట. కార్లలో కొన్ని ప్యాడ్లకు చిన్న ఉక్కు రేకు ఉంటుంది. ప్యాడు రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగేసరికి ఆ రేకు డిస్కును తాకి కూస్తుంది. కంపెనీ కావాలని పెట్టిన అరుపు అది. దాన్ని "పాత కారు, అలాగే అరుస్తుంది" అని ఆరు నెలలు లాగిన మహానుభావులు చివరికి ప్యాడు వెనక ఇనుపపట్టీతో డిస్కునే కోసుకుని, ప్యాడ్ల ఖర్చుతో పోయేదానికి డిస్కు ఖర్చు కూడా పెట్టుకుంటారు. చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కోసారి "చిక్... చిక్..." మంటే డ్రమ్ము గుండ్రంగా లేదు, లేదా డిస్కు వంగింది. తొక్కినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగేస్తూ అరిస్తే, రెండో పక్క చక్రాన్ని కూడా అనుమానించాలి. అరిచేది కుడి చక్రమైనా, పని మానేసింది ఎడమ చక్రం కావచ్చు. కీచు కాకుండా గరగరమంటే ఇక ప్రశ్నలు అనవసరం, అక్కడే ఆపి విప్పడమే.

వేడి ఇంకో మంచి గుర్తు. రద్దీ లేని రోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. హబ్‌ల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి, ముట్టుకోకుండానే, వేడి పోల్చి చూడండి. ఒకటి మిగతావాటికంటే సెగలు కక్కుతుంటే ఆ చక్రంలో బ్రేకు వదలడం లేదు. బైకైతే కామ్ బిగిసిపోయి ఉంటుంది, లేదా రాడ్ అతిగా బిగించి ఉంటారు. బ్రేకు "అందడం లేదు" అని ప్రతి వారమూ నట్టు బిగించుకునే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. హోండా కుటుంబపు బైకుల్లో వెనక బ్రేకు పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు వట్టిగా దిగాలి. ఆ ఆట లేకుండా బిగిస్తే లైనింగు ఎప్పుడూ డ్రమ్మును తాకుతూనే ఉంటుంది. పెడల్ మీద పాదం ఆనించి నడిపేవారి బండిలోనూ అంతే. వేడికి లైనింగులోని రెజిన్ పైకి తేలి, పైపొర అద్దంలా గట్టిపడి మెరుస్తుంది. అలా మెరిసే లైనింగు అరుస్తుంది, పట్టు కూడా తగ్గుతుంది. "పడుతోందిగా" అన్న రెండో ముక్క ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది: అరుపూ, పట్టు తగ్గడమూ ఒకే కారణానికి పుట్టిన సందర్భం ఇది.

దీనికి వీధి వైద్యం ఉప్పుకాగితం. షూ తీసి నాలుగు రుద్దులు రుద్ది, డ్రమ్ములో రెండు రుద్దులు రుద్ది బిగించేస్తారు. అరుపు పోతుంది. ఓనరు సంతోషంగా పోతాడు, నెలకు మళ్లీ వస్తాడు. మెరుపు పోయింది గానీ మెరుపుకు కారణమైన వేడి పోలేదు గదా. కామ్ అలాగే బిగిసి ఉంది, స్ప్రింగు అలాగే సాగి ఉంది. ఉప్పుకాగితం తప్పని నేననను. చివర్లో చేయాల్సిన పనిని మొదట్లో చేసి, మిగతావన్నీ మానేయడం తప్పు.

ఉప్పుకాగితం కన్నా ఘనమైన వైద్యం కొత్త లైనింగు. "అరుస్తోందా? వేసేయ్" అనే ఈ సిద్ధాంతానికి ఓనర్లలోనే అభిమానులు ఎక్కువ, కొత్త సామాను పడితే డబ్బుకు తగ్గ ఫలితం కంటికి కనిపిస్తుంది గనక. కొత్త లైనింగు వేశాక అరుపు రెట్టింపైన బళ్లు ఎన్ని లేవు? కారణం తేలిక. డ్రమ్ము ఇన్నేళ్లుగా అరిగి లోపలి వ్యాసం పెరిగింది. కొత్త షూ కంపెనీ కొలతకు వచ్చింది. రెండు వంపులూ కుదరవు. లైనింగు మధ్య భాగం మాత్రమే తాకుతుంది, చివర్లు గాలిలో ఉంటాయి. డూప్లికేటు షూ వంపు తేడాగా ఉంటే దీనికి ఉల్టా జరుగుతుంది, రెండు చివర్లే తాకుతాయి. అది ఇంకా ఎక్కువ అరుస్తుంది, జివ్వున పట్టేస్తుంది కూడా. చాలా డ్రమ్ముల మీద వాటి హద్దు పోతపోసి ఉంటుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్ముకు సాధారణంగా 131 దగ్గర. ఆ అంకె ఎదురుగా ఉన్నా దాన్ని చదివి లోపలి కొలత తీసేవాళ్లు అరుదు. గట్టు లేస్తే, గీతలు పడితే లేత్ పట్టించాలి. హద్దు దాటితే డ్రమ్ము మార్చాలి. స్ప్రింగులు పాతవే మళ్లీ తగిలించకూడదు. నాలుగు చక్రాల బండిలో ఒక పక్క మాత్రమే మార్చి రెండో పక్క వదిలేయకూడదు. కొత్త లైనింగును మొదటి కొన్ని రోజులు మెల్లగా, మధ్యమధ్యలో ఆగుతూ అలవాటు చేయాలి. ఇవేవీ చేయకుండా "కంపెనీ ఐటమే వేశాను గురువుగారూ, మీ బండే పాతది" అనే మెకానిక్కు, ఆ మాటతో సమాధానపడి ఇంటికి పోయే ఓనరు ఒకరికొకరు బాగా కుదిరారు.

అరుపు ఆపడమే లక్ష్యమైతే అంతకంటే సులువైన దారులున్నాయి, అవే నన్ను భయపెట్టేవి. డ్రమ్ములో ఇంత గ్రీజు రాస్తే అరుపు వెంటనే ఆగుతుంది. డిస్కు మీద తలుపు కీళ్లకు కొట్టే స్ప్రే కొడితే ఆగుతుంది. లైనింగును డీజిల్‌తో కడిగితే కొన్నాళ్లు ఆగుతుంది. వీటన్నిటిలోనూ ఆగింది రాపిడి. రాపిడే బ్రేకు. వెనక ఇరుసు సీలు కారి గేరాయిల్ డ్రమ్ములోకి చేరిన వ్యాను చూడండి. మొదట్లో కీచుమని, ఉండుండి గట్టిగా పట్టేస్తుంది. లైనింగు బాగా తడిసిపోయాక నోరెత్తదు. ఓనరు "అదే సర్దుకుంది" అంటాడు. ఆ చక్రంలో అప్పటికి బ్రేకు లేదు. వీల్ సిలిండరు నుంచి ఆయిలు కారినా ఇదే కథ. ఇంకో పొరపాటు, కాలిపర్ పిన్నులకు మామూలు గ్రీజు రాయడం. ఖనిజ నూనె తగిలితే అక్కడి రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది. అరుపు పోవాలని రాసిన గ్రీజే కొత్త అరుపును తయారు చేస్తుంది. ఆ చోటికి సిలికాన్ గ్రీజు వేరే దొరుకుతుంది.

శుభ్రం చేయడంలోనూ ఒక దురలవాటు ఉంది, అది బండికంటే మనిషికి చేటు. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొడతారు. నల్లటి పొడి మేఘంలా లేచి, కింద కూర్చున్న కుర్రాడి ముక్కులోకి పోతుంది. ఇప్పటి కంపెనీ లైనింగుల్లో చాలావాటి మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉంటుంది. పాత బండి డ్రమ్ములో ఉన్న పొడి ఎప్పటిదో, ఏ లైనింగుదో ఎవరికి తెలుసు? కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఈ రాతినారను గనుల్లోంచి తవ్వేవారు. అది ఏ రకానిదైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తడిగుడ్డతో తుడిస్తే అయిపోయే పనికి గాలి కొట్టడం ఎందుకు?

లారీల దగ్గరికొస్తే వాదన ఇంకా పదునెక్కాలి, ఎందుకంటే అక్కడ తప్పుకు బరువు ఎక్కువ. గాలి బ్రేకు లారీలో ప్రతి చక్రానికీ ఒక స్లాక్ అడ్జస్టర్ ఉంటుంది. చేత్తో బిగించే రకమైతే, లైనింగు అరిగేకొద్దీ దాన్ని బిగించి షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని సరిచేయాలి. ఒక చక్రం అరుస్తోందంటే, ఆ చక్రం స్లాక్ కాస్త వదులు చేస్తే అరుపు ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది, షూ డ్రమ్మును తాకడమే మానేసింది గదా! ఆ చక్రం చేయాల్సిన పని మిగతా చక్రాల మీద పడుతుంది. అవి వేడెక్కుతాయి, వాటి లైనింగు మెరుస్తుంది, రేపు అవి అరుస్తాయి, వాటినీ వదులు చేస్తారు. బూడిదతో నిండిన టిప్పరు రింగు దగ్గర నిశ్శబ్దంగా ఆగితే, దాని స్లాకులు ఎవరైనా కొలిచారా అని అడగాలనిపిస్తుంది నాకు. అరుస్తూ ఆగిన లారీ కనీసం అరిచే చక్రంలో షూ తాకుతోందని చెబుతోంది.

ఇంతసేపూ మెకానిక్కుల మీద విసుర్లు విసిరాను గనక వాళ్ల పక్షం కూడా చెప్పాలి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో చేతి స్పర్శతోనే లోపం పసిగట్టే మేస్త్రీలకు కొదవలేదు. వాళ్లకు విద్య లేక కాదు ఈ గతి. అరగంట కూర్చుని, చక్రాలు విప్పి, కొలిచి, "మీ లైనింగు బాగానే ఉంది, కామ్‌కు గ్రీజు పెట్టాను, అంతే" అని చెప్పిన మేస్త్రీకి ఎంతిస్తాం? "ఏం మార్చావని అంత అడుగుతున్నావ్?" అంటాం. లైనింగు మార్చినవాడికి మాత్రం బిల్లు చూసి నోరు మూసుకుని ఇస్తాం. సామానుకు డబ్బిచ్చి ఆలోచనకు ఇవ్వనివాడికి సామానే దొరుకుతుంది. ఈ దురాచారం పుట్టింది షెడ్డులో కాదు, మన జేబులో.

వయసే దోషమన్న ఈ నమ్మకం రోడ్డు మీద వాళ్లకే పరిమితం కాలేదు, సర్కారుకూ పట్టింది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ చేయకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. పొగ సంగతైతే పాత ఇంజన్లకు ఆ వాదన కొంత నిలుస్తుంది. బ్రేకుకు నిలవదు. పద్నాలుగేళ్ల పదకొండు నెలల బండి బ్రేకు మంచిదని, మరో నెలకు చెడ్డదని డ్రమ్ముకు ఎవరూ చెప్పలేదు. ఇంతకంటే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ తెలివైనది. ప్రమాదం తెచ్చే లోపం ఉందని తెలిసి బండి నడిపినా, మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగే లోపాన్ని కనిపెట్టకుండా నడిపినా తప్పేనంటుంది అది. బండి ఎప్పటిదని అడగదు. రోజూ రింగు దగ్గర పదిమంది చెవులు మూసుకునేలా అరిచే బ్రేకులో లోపమే ఉంటే, ఆ లోపాన్ని కనిపెట్టడానికి మామూలు జాగ్రత్త కంటే ఎక్కువ అక్కర్లేదు. "పాత బండి కదా, అనుకున్నాను" అన్న జవాబు ఆ సెక్షన్ ముందు ఎంతసేపు నిలబడుతుందో లాయర్లను అడగాలి.

వెయ్యక తప్పక కొత్త లైనింగు వేయించినా, ఒక పని మాత్రం చేయండి. తీసేసిన పాత షూలను షెడ్డులో వదిలేయకుండా అక్కడే చేతిలోకి తీసుకుని, వెలుగులో చూడండి. మొత్తం అద్దంలా మెరుస్తుంటే బ్రేకు వదలకుండా నడిచింది: కామ్, స్ప్రింగు, పెడల్ ఆట చూడమనండి. మధ్యలోనే మెరిసి చివర్లు గరుకుగా ఉంటే డ్రమ్ము కొలిపించండి. నిలువునా గీతలుంటే లోపల దుమ్ము చేరింది, డ్రమ్ము మీదా అవే గీతలుంటాయి. ఆటోలో, కారులో రెండు షూలలో ముందుది ఎక్కువ అరిగిందని కంగారు పడకండి, హైడ్రాలిక్ బ్రేకులో అది మామూలే. ఒకచోట మాత్రం నల్లగా, తడిగా మరక ఉండి, ఆయిలు వాసన వస్తే, కొత్త షూలు బిగించనివ్వకండి. ముందు ఆ ఆయిలు ఎక్కణ్నుంచి వస్తోందో చూపించమని అడగండి, సీలైనా సిలిండరైనా మార్చి, డ్రమ్ము శుభ్రంగా కడిగాకే బిగించమనండి.